సూది మాట మీద అభియోగం

“ఆయన మీద ఛార్జిషీటు పడిందట” అని మీరు చివరిసారి ఎవరి గురించి అన్నారు? ఆ మాటకు అర్థం తెలిసే అన్నారా, లేక గొంతు కొంచెం తగ్గించి, అంతా తెలిసినవాళ్లలా అనేశారా?

నేను రెండో బాపతు. అదీ ఒకసారి కాదు, చాలాసార్లు. రుజువు లేనిదే ఏదీ నమ్మకూడదని ఏళ్ల తరబడి రాస్తున్నాను, వాదిస్తున్నాను. తాయెత్తులు కట్టే బాబాల మీద, జాతకం కుదరలేదని సంబంధాలు తిరగ్గొట్టే పెద్దల మీద, దెయ్యం పట్టిందని ఆడపిల్లను గదిలో పెట్టి తాళం వేసిన ఇంటి మీద నోరు చేసుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి, మా అక్క మీద కోర్టు అభియోగం రాసే రోజు వచ్చేసరికి, అభియోగమంటే ఏమిటో తెలియక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. అంతకన్నా సిగ్గుచేటు ఏమిటంటే, తెలియదని ఎవరికీ చెప్పలేదు.

పదేళ్లు దాటిన మాట. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద కృష్ణా జిల్లా నుంచి రాయపూర్ వచ్చాడు. అక్కా నేనూ ఇక్కడే పుట్టి పెరిగాం. నేను ఉర్లాలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో స్టోర్సు చూసేవాణ్ణి. అక్క ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సు. బావ తిల్దాలో రైసుమిల్లులో పని చేస్తూ రోజూ లోకల్ బండిలో వెళ్లి వచ్చేవాడు. వాళ్ల ఇల్లు రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో. ఎండాకాలం వచ్చిందంటే ఆ వీధి కుళాయిల్లో గాలి తప్ప ఏమీ రాదు. ట్యాంకరు వచ్చి చౌరస్తాలో ఆగితే అందరూ బిందెలతో పరుగెత్తాల్సిందే.

అలాంటి ఒక ఉదయం అక్క డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా మార్చకుండా లైన్లో నిలబడింది. ఆ వీధిలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్న ఒకాయన లైను పక్కనుంచి వచ్చి ట్యాంకరు పైపు లాక్కున్నాడు. ముందున్న ముసలావిడ బిందె దొర్లిపోయింది. అక్క ఊరుకునే రకం కాదు. ముందు “బేశరమ్” అంది, సిగ్గులేనివాడా అని. ఆయన నవ్వాడు. అప్పుడు వీధి వీధంతా వినేలా హిందీలో అంది: “ఐసీ సూయీ లగాఊంగీ నా, ఫిర్ ఉఠోగే నహీ!” అలాంటి సూది పొడుస్తాను, మళ్లీ లేవవు అని.

లైన్లో ఉన్న ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. ఆయన చేతిలోని పైపు జారి నీళ్లన్నీ ఆయన ప్యాంటు మీదే పడ్డాయి. ఇంకోసారి నవ్వారు. ఆ రెండో నవ్వే ఆయన్ని పోలీసు స్టేషనుకు నడిపించిందని నా అనుమానం. నలుగురిలో బూతులు తిట్టిందనీ, చంపుతానని బెదిరించిందనీ రాసి ఇచ్చాడు. రెండు సెక్షన్లు. అక్కను స్టేషనుకు పిలిచి, సంతకం పెట్టించుకుని, జామీను మీద పంపేశారు. అంతటితో సరిపోయిందనుకున్నాం.

చలికాలంలో కాగితం వచ్చింది. కోర్టు సమన్లు, దానితో పాటు ఛార్జిషీటు నకలు. బావ నన్ను పిలిపించాడు. నేను వెళ్లేసరికి అక్క మంచం మీద కూర్చుని కాగితాలను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదువుతోంది. ఆ హిందీ మేం వీధిలో మాట్లాడే హిందీ కాదు. ప్రార్థీ, సంత్రాస్, ఆశయ్, కారిత్ అంటూ రాళ్లలాంటి మాటలు.

“ఒరేయ్, ఈ సంత్రాస్ అంటే ఏంట్రా?” అంది అక్క.

“భయపెట్టడం లాంటిది అక్కా.”

“లాంటిదంటే? అదా కాదా?”

“అదే.”

“మరి కారిత్?”

నాకు తెలియదు. “అదొక పద్ధతిలే, వాళ్లలా రాస్తారు” అన్నాను.

బావ గోడకు ఆనుకుని కూర్చుని నవ్వాడు. “మా బామ్మర్ది పత్రికల్లో రాస్తాడు, అన్నీ తెలుసు అనుకున్నానే. వీడూ మనలాగే అందాజాగా కొడుతున్నాడు.”

నాకు రోషం వచ్చింది. రోషంలో అన్న మాటలు ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. “ఎఫ్ఐఆర్ అంటే అవతలివాడు చెప్పింది రాసుకోవడం. ఛార్జిషీటు అంటే అలా కాదు. పోలీసులు విచారించి, నిజమేనని తేల్చాక వేసేది. ఇక కోర్టు చార్జి ఫ్రేమ్ చేసిందంటే జడ్జి కూడా ఒప్పుకున్నట్టే. తర్వాత మిగిలేది శిక్ష ఎంతన్నదే.”

ఎక్కడ నేర్చుకున్నాను ఇది? ఎక్కడా నేర్చుకోలేదు. పేపర్లు చదివి, టీవీ విని, పదిమంది అంటుండగా విని పోగేసుకున్న చెత్త. దాన్ని చదువుకున్నవాడి గొంతుతో చెప్పాను. అక్క నమ్మింది. ఆవిడ మొహం వాడిపోవడం చూశాను. చూసి కూడా నా మాట వెనక్కి తీసుకోలేదు, ఎందుకంటే అది తప్పని నాకే తెలియదు.

అక్క భయం జైలు గురించి కాదు. ప్రభుత్వ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగానికి పరీక్ష రాసింది. జాబితాలో పేరు వచ్చింది. సర్టిఫికెట్లు చూడటం అయిపోయింది. నియామకం ఉత్తర్వు రావడమే మిగిలింది. వయసు లెక్కన ఆవిడకు అదే ఆఖరి అవకాశం. ప్రైవేటు ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా నెలకో వార్డు మారుస్తూ, ఎప్పుడు రావద్దంటారో తెలియని కొలువు చేసిన మనిషికి ఆ ఉత్తర్వు ఎంతటిదో నేను వేరే చెప్పక్కర్లేదు. కోర్టులో నేరం చేసినట్టు తేలితే ఆ ఉద్యోగం పోతుంది. అంతవరకు అందరికీ స్పష్టమే. మిగతాదే ఎవరికీ అర్థం కాలేదు.

మొదట దొరికిన వకీలు సాబ్ కోర్టు ఆవరణలో రేకుల కింద బల్ల వేసుకుని కూర్చునేవాడు. మంచివాడే. కాగితాలు రెండు నిమిషాలు తిరగేసి అన్నాడు: “చిన్న విషయం దీదీ. జడ్జి మేడమ్ అడిగినప్పుడు చేతులు కట్టుకుని ఒప్పుకోండి. జరిమానా వేస్తారు. కోర్టు లేచేదాకా ఆ మూల కూర్చోమంటారు. సాయంత్రానికి ఇంటికెళ్లి వంట చేసుకోవచ్చు. లేదంటే నాలుగేళ్లు ఈ రేకుల కింద తిరగాలి.”

“అలా ఒప్పుకుంటే ఉద్యోగానికి అడ్డం రాదా?” అంది అక్క.

“చిన్న జరిమానాయే కదా” అన్నాడాయన. అది జవాబు కాదని మాకు అప్పుడు తట్టలేదు.

బావకు ఆ సలహా నచ్చింది. “కోర్టు పేషీకి ఒకసారి సెలవు పెట్టడమే గగనం. నాలుగేళ్లంటే నన్ను మిల్లు లోంచి తోసేస్తారు. ఒప్పేసుకో, వదిలిపోద్ది.”

ఈలోగా సంగతి చర్చికి తెలిసింది. మాది క్రైస్తవ కుటుంబం. నేను ఇరవయ్యో ఏట మానేశాను గాని అక్క ఆదివారం తప్పదు, పిల్లలకు పాటలు నేర్పేది. నెలకో ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. ఎవరి మీదైనా మాట వస్తే ఆ మాట తేలేదాకా బల్లకు దూరంగా ఉంచడం మా సంఘంలో ఆనవాయితీ. తేలడమంటే, ఆ మనిషి అందరి ముందు లేచి, తప్పు ఒప్పుకుని, క్షమించమనడం. అలా లేచి ఒప్పుకున్న తాగుబోతులను, అక్కచెల్లెళ్లతో మాట మానేసినవాళ్లను అక్క చిన్నప్పటినుంచి చూసింది. ఒప్పుకున్నాక వాళ్లను ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. అందులో గొప్పతనం ఉందని నేనూ అంటాను. కాని అక్కడ ఒప్పుకోని మనిషికి వేరే దారే లేదు.

పాస్టరుగారు, ఒక సంఘ పెద్ద కలిసి అక్క ఇంటికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

“వందనాలమ్మా. కోర్టులో ఛార్జి పడిందంటున్నారు” అన్నారు పాస్టరుగారు.

“ఇంకా పడలేదు అయ్యగారూ. వచ్చే పేషీలో అంట.”

“ఆ మాట నువ్వు అన్నావా లేదా, అది చెప్పమ్మా.”

“అన్నానండి.”

“అన్నప్పుడు ఒప్పుకోవడానికి భయమెందుకు? ఒప్పుకున్నవాళ్లకు దేవుడి దగ్గర ఎప్పుడూ క్షమ ఉంటుంది. అందాకా బల్లకు ఆగు తల్లీ. ఇది శిక్ష కాదు, పద్ధతి.”

సంఘ పెద్ద నా వంక తిరిగి, “ఏం బాబూ, నీకు మా మాటలు సరిపడవుగా, ఏదో ఒకటి అను” అని ఎగతాళి చేశాడు.

ఏమనను? నేనూ అదే అనుకుంటున్నాను.

వాళ్లు వెళ్లాక అక్క నన్ను సూటిగా అడిగింది. “నువ్వు చెప్పరా. దేవుడు లేడంటావు, నిజం మాత్రం ఉందంటావు కదా. నేనా మాట అన్నాను. రేపు కోర్టులో నిలబడి ఒప్పుకోను అంటే అనలేదన్నట్టే కదా? అబద్ధం చెప్పి సర్కారు ఉద్యోగం తెచ్చుకోవాలా?”

“అబద్ధం చెప్పకక్కా” అన్నాను. “నిజం చెప్పడం కన్నా పెద్ద వాదన లేదు.”

జీవితంలో మొదటిసారి పాస్టరుగారూ నేనూ ఒక్క మాట మీద నిలబడ్డాం. ఆ మాట తప్పు. ఆయన క్షమ పేరు చెప్పి అక్కను ఏ గోతిలోకి పంపుతున్నాడో, నేను సత్యం పేరు చెప్పి ఆ గోతిలోకే పంపుతున్నాను.

అయినా లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. రాత్రులు పనిచేసి వచ్చి, పొద్దున్నే ముసలమ్మ బిందె కోసం ఒకడితో గొడవపడి, నోటికొచ్చిన ఒక మాట అన్న మనిషి నేరస్థురాలా? అన్నమాట నిజమే. మరి నేరం? నిజానికీ నేరానికీ మధ్య ఏదో ఖాళీ ఉంది గాని దాని పేరు నాకు దొరకలేదు. నిఘంటువులు తీశాను. ఒకదాంట్లో అభియోగమంటే ఫిర్యాదు అని ఉంది. ఇంకోదాంట్లో నేరారోపణ అని ఉంది. నేరారోపణ అని చూస్తే అభియోగం చూడుము అని ఉంది. హిందీ పుస్తకంలో ఆరోప్. తెలుగులో ఆరోపణ ఎవడైనా చేయొచ్చు, టీకొట్టు దగ్గర నిలబడి కూడా చేయొచ్చు. కోర్టు చేసేది కూడా అదేనా? శంకర్ నగర్‌లో మా చర్చావేదిక మిత్రులు ఆదివారం కలిసేవారు. అక్కడ అడిగాను. ఐదుగురు ఐదు అర్థాలు చెప్పారు. ఐదుగురూ గట్టిగానే చెప్పారు.

అక్కడే ఇంకో సంగతి నా నెత్తిన పడింది. అంతకు కొన్నేళ్ల ముందు ఆ వేదికలోనే ఒక సభ్యుణ్ణి తీసేశాం. ఆయన పనిచేసే ఆఫీసు గొడవలో ఆయన పేరు ఛార్జిషీటులో వచ్చింది. నైతికత లేని మనిషికి సంస్కరణ గురించి మాట్లాడే హక్కు లేదని తీర్మానం ప్రవేశపెట్టింది నేను. అరగంట మాట్లాడాను, చప్పట్లు కొట్టారు. ఆ కేసు తర్వాత ఏమైందని ఆ ఆదివారం నేను అడిగితే ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. చప్పట్లు మాత్రం గుర్తున్నాయి.

ఈ గందరగోళంలో మాకు ఇంకో వింత. కేసు పెట్టిన ఆ దుకాణదారు తల్లికి షుగరు. ఆవిడ రోజూ ఇన్సులిన్ సూది వేయించుకోవడానికి అక్క దగ్గరికే వచ్చేది. కేసు పెట్టాక కూడా వచ్చింది. మొదటి రోజు కొంచెం సందేహంగా గుమ్మంలో నిలబడింది.

“ఆ జా అమ్మా, ఏం నిలబడ్డావ్” అంది అక్క.

ఆవిడ ఛత్తీస్‌గఢీలో కొడుకును తిట్టుకుంటూ వచ్చి కూర్చుని చీర పక్కకు జరిపింది. బావ లోపలినుంచి తెలుగులో అరిచాడు: “చంపుతానన్న చేత్తోనే పొడిపించుకుంటున్నారు. దీన్ని కోర్టులో చూపించాలి.” హాస్యానికి అన్నాడు. మేం ముగ్గురం నవ్వి ఊరుకున్నాం. అది సాక్ష్యమని ఎవరికీ తోచలేదు. ఒప్పుకోవాలని తీర్మానించుకున్నాం కదా, ఇక సాక్ష్యం ఎందుకు?

పేషీ రోజు వచ్చింది. కోర్టుగది చిన్నది, ఫ్యాను చప్పుడు పెద్దది. న్యాయమూర్తి ముప్పై ఏళ్లు కూడా దాటని అమ్మాయి. అక్క పేరు పిలిచారు. అక్క బోనులోకి వెళ్లి చేతులు కట్టుకుంది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ముందు నిలబడ్డట్టే నిలబడింది. అక్కడ జరిగిన హిందీ సంభాషణను నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

న్యాయమూర్తి కాగితం చదివింది. ఫలానా రోజు, ఫలానా చోట, ఫిర్యాదుదారుణ్ణి బూతులు తిట్టారని, అతన్ని భయభ్రాంతుణ్ణి చేసే ఉద్దేశంతో చంపుతానని బెదిరించారని మీ మీద అభియోగం అని. “మీరు నేరం ఒప్పుకుంటున్నారా, విచారణ కోరుతున్నారా?”

“ఆ మాట నేనే అన్నాను మేడమ్” అంది అక్క.

వకీలు సాబ్ తృప్తిగా తలూపాడు. టైపు చేసేవాడి వేళ్లు కదిలాయి. న్యాయమూర్తి చెయ్యెత్తి అతన్ని ఆపింది.

“ఏ మాట?”

“సూది పొడుస్తానన్నది.”

“అతన్ని భయపెట్టడానికే అన్నారా?”

“అయ్యో లేదు మేడమ్. మేం అలా అంటూనే ఉంటాం. వార్డులో మందు మింగని పెద్దవాళ్లను కూడా అంటాను. ఒక్కరూ భయపడరు. అదే నా బాధ.”

వెనక బెంచీల మీద నవ్వులు. న్యాయమూర్తి నవ్వలేదు గాని పెదవి బిగపట్టుకుంది.

“మరి నేరం ఒప్పుకుంటున్నారా, లేదా?”

అక్క నా వైపు చూసింది. బావ వైపు చూసింది. “నాకు తెలియడం లేదు మేడమ్. అబద్ధం మాత్రం చెప్పను. విచారణ కావాలంటే అబద్ధం చెప్పినట్టు కాదా?”

న్యాయమూర్తి కలం కింద పెట్టింది. “మీరు ఆ మాట అన్నారా అని నేను అడగలేదు. ఆ మాటతో ఫలానా నేరం చేశారని పోలీసులు అంటున్నారు. దాన్నే ఒక వాక్యంగా రాసి మీకు చదివి వినిపించాను, మీరు దేనికి జవాబు చెప్పుకోవాలో మీకు తెలియడానికి. ఇందులో నేను తేల్చింది ఏమీ లేదు. విచారించాల్సినంత ఉందన్నాను, అంతే. రుజువు చేయాల్సింది వాళ్లు. మీరు వాళ్ల పని ఇప్పుడే చేసిపెడతారా? అన్నది అన్నానని చెప్పే వేళ మీకు ముందుంది, అప్పుడు అదే నిజం చెప్పండి. విచారణ అడగడమే అబద్ధమైతే నేను ఈ గదికి తాళం వేసుకుని పోవాలి.”

అక్క కట్టుకున్న చేతులు విప్పింది. “అయితే విచారణే, మేడమ్.”

వకీలు సాబ్ మొహం చిట్లించాడు. బావ తలకొట్టుకున్నాడు. నేను మాత్రం ఎక్కడికైనా పారిపోవాలన్నంత సిగ్గుపడ్డాను. నిఘంటువుల్లో నాకు దొరకని ఖాళీని ఆ అమ్మాయి ఫ్యాను చప్పుడులో, నిమిషంలో చూపించింది. ఫిర్యాదు ఒకడు చెప్పింది. ఎఫ్ఐఆర్ పోలీసులు రాసుకున్నది. ఛార్జిషీటు పోలీసులకు అనిపించింది. అభియోగం కోర్టు వేసే ప్రశ్న. ఈ నాలుగింటిలో ఏదీ తీర్పు కాదు. దేవుడి గురించి ఎవరైనా మాట్లాడితే రుజువేదని మెడ పట్టుకునే నేను, పోలీసులు రాసిన కాగితాన్ని రుజువనుకున్నాను. అక్కకు నేర్పాను కూడా.

విచారణ మూడేళ్లు నడిచింది. చివరికి ఆ దుకాణదారు సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. బావ ఏనాడో అన్న హాస్యం ఈసారి వకీలు సాబ్ చెవిన వేశాం. ఆయన కూడా అప్పటికి కేసు మీద ఇష్టం పెంచుకున్నాడు.

“దీదీ మిమ్మల్ని చంపుతానన్నారు, మీరు భయపడ్డారు, అంతేనా?” అని అడిగాడాయన.

“బాగా భయపడ్డాను సాబ్.”

“మీ అమ్మగారికి సూది ఎవరు వేస్తారు?”

దుకాణదారు న్యాయమూర్తి వంక చూశాడు.

“ఈ ఉదయం ఎవరు వేశారు?”

“దీదీ.”

“మీరే బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్లారా?”

“అమ్మ నడవలేదు కదా సాబ్” అన్నాడాయన. గది మొత్తం నవ్వింది. ఆయనా నవ్వేశాడు. పాపం, చెడ్డవాడేం కాదు.

అక్క తన వంతు వచ్చినప్పుడు ఆ మాట అన్నానని చెప్పింది. ఎందుకన్నదీ చెప్పింది. తీర్పు వచ్చింది. భయపెట్టే ఉద్దేశం రుజువు కాలేదని, బేశరమ్ అన్న మాట బూతు కాదని రెండు అభియోగాలూ కొట్టేశారు.

ఇక్కడ కథ సుఖంగా ముగిసిందని మీరు అనుకుంటే, మీరూ నాలాంటివారే. అభియోగం రాసిన నెలలోపే ఉద్యోగం వాళ్లు ఒక ఫారం పంపారు. మీ మీద క్రిమినల్ కేసు ఏదైనా ఉందా అని ఒక గడి. అక్క ఉందని నింపింది, కాగితాల నకళ్లు కుట్టి ఇచ్చింది. ఆఫీసుకు నేను కూడా వెళ్లాను. బల్ల వెనక కూర్చున్నాయన మర్యాదగానే మాట్లాడాడు.

“ఛార్జి ఫ్రేమ్ అయింది కదా మేడమ్” అన్నాడు.

“అంటే విచారణ మొదలైందని సార్, నేను చేశానని కాదు” అంది అక్క. మూడు వారాల కిందటి వరకు తనకే తెలియని సంగతిని ఓపిగ్గా చెప్పింది.

“అది నాకూ తెలుసు” అన్నాడాయన. “కాని నా పైవాళ్లు ఛార్జి అన్న మాట చూస్తారు. కేసు తేలాక రండి.”

ఫైలు పక్కన పెట్టారు. కేసు తేలేసరికి ఆ జాబితా గడువు తీరిపోయింది. కొత్త పరీక్షకు అక్క వయసు దాటిపోయింది. నిర్దోషి అన్న తీర్పు నకలు తీసుకుని వెళితే, అదే ఆఫీసులో ఇంకెవరో కూర్చుని ఉన్నారు. “మీదేం తప్పు లేదు మేడమ్, మాదీ లేదు” అన్నారు. నిజమే కాబోలు. ఎంత వెతికినా నాకు తప్పు చేసినవాడు దొరకడం లేదు. దుకాణదారు అవమానపడి ఫిర్యాదు చేశాడు. పోలీసులు విన్నది రాశారు. న్యాయమూర్తి చట్టం చెప్పినట్టే అభియోగం రాసింది. ఆఫీసరు పైవాళ్లకు భయపడ్డాడు. ఎవరూ అక్కను నేరస్థురాలనలేదు. అందరూ కలిసి అలాగే చూశారు. దీన్ని ఏమనాలో, ఎవరి మీద రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకవేళ ఆ రోజు ఒప్పుకుని ఉంటే నేరస్థురాలన్న ముద్రతో ఉద్యోగం పోయేది, ఒప్పుకోలేదు గనక ముద్ర లేకుండానే ఉద్యోగం పోయింది. ఆ తేడా కోసం మూడేళ్లు తిరిగామా అని బావ అడిగాడు. జవాబు అక్కే చెప్పింది. “నేను చెయ్యని పనికి నా నోటితో చేశానని చెప్పలేదు. అది చిన్న విషయమేంటి?” అంది.

తీర్పు తర్వాత సంఘ పెద్ద అక్క ఇంటికి వచ్చి, ఈ ఆదివారం లేచి సాక్ష్యం చెప్పి బల్లకు రావచ్చమ్మా అన్నాడు.

“ఏమని చెప్పాలండి?” అంది అక్క.

“అదేనమ్మా. దేవుడు విడిపించాడని, తిరిగి చేర్చుకోమని.”

“నేనెక్కడికి పోయానండి, తిరిగి చేర్చుకోవడానికి? మూడేళ్లూ ఆ బెంచీ మీదే కూర్చున్నాను. రొట్టె పళ్లెం నన్ను దాటుకుని పక్కావిడ దగ్గరికి పోయేది. దాటించింది మీరు. లేచి చెప్పాల్సింది ఎవరో మీరే ఆలోచించండి.”

ఆయన కాఫీ తాగకుండానే లేచాడు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. వెంటనే, మా వేదికలో నేను కొట్టించుకున్న చప్పట్లు గుర్తొచ్చి చేతులు కిందికి దింపుకున్నాను. రొట్టె పళ్లెం దాటించినవాళ్లలో నేనూ ఉన్నాను, వేరే గదిలో. ఆ మర్నాడు తీసేసిన సభ్యుడి కోసం ఆయన పాత ఇంటికి వెళ్లాను. ఊరు మారిపోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

అందుకని మిమ్మల్ని అడగడం లేదు, నిలదీస్తున్నాను. మీకొక సంఘం ఉంటుంది, కాలనీ కమిటీయో, యూనియనో, చర్చో, గుడి కమిటీయో, నాలాంటివాళ్లు కూర్చునే చర్చావేదికో. దాని నియమావళి బయటికి తీయండి. అభియోగం ఉన్నవారు అనర్హులు అన్న వాక్యం అందులో ఉందేమో చూడండి. రాతలో లేకపోతే ఆనవాయితీలో ఉందేమో చూడండి. ఉంటే వచ్చే సమావేశంలో మీరే లేచి నిలబడి దాన్ని కొట్టేయమనండి. కేసు తేలకముందే మీరు పక్కన పెట్టిన మనిషి ఎవరైనా ఉంటే, తీర్పు కోసం చూడకుండా, ఆ మనిషి ఊరు మారకముందే, ఇవాళే వెళ్లి తలుపు తట్టండి.